నక్షత్రముల వెంట నడచు పీఠము

(గ్రంథాలయ రజతోత్సవముల రెండవనాటి సాయంకాల సభలో చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున పుస్తకములను గూర్చి మాటాడుటకు నాకన్న అర్హులైన పెద్దలు ఈ వేదికపై పలువురు కలరు. కార్యదర్శిగారు నన్ను కోరినది వేరొక విషయము. మన గ్రంథాలయపు డాబా మీద నున్న దూరదర్శినిని, అనగా మన ఊరివారు దుర్భిణి యని పిలుచు యంత్రమును, సరిగా నిలుపుట యెట్లు, దానితో నక్షత్రముల ఛాయాచిత్రములు తీయుట యెట్లు, అది మొరాయించినపుడు దోషమును కనిపెట్టుట యెట్లు అను సంగతులు అందరకును తెలియునట్లు చెప్పుమని వారి ఆజ్ఞ. నేను జీవితమంతయు పిల్లలకు లెక్కలు చెప్పినవాడను. కావున కొన్ని అంకెలు వచ్చును. విసుగు చెందక వినుడని ముందుగనే ప్రార్థించుచున్నాను.

ఈ విషయము కేవలము కాలక్షేపమునకు చెప్పునది కాదు. ఒక దాత ఇచ్చిన ఈ దూరదర్శినితో మన పిల్లలు చంద్రునిలోని గోతులను, గురుని నాలుగు చంద్రులను, శని వలయములను చూచిరి. తరువాత దాని మరలు బిగిసిపోయినవి. అది కొంతకాలము పటముల గదిలో గుడ్డ కప్పుకొని కూర్చున్నది. రెండేండ్ల క్రిందట మన ఊరివారే ముగ్గురు, లేతు పని చేయు నొకరు, మోటారు వైండింగు చేయు నొకరు, ఇంజనీరింగు చదువుచున్న ఒక అమ్మాయి, దానిని విప్పి, శుభ్రపరచి, మోటారులు అమర్చి మరల నడిపించిరి. ఇపుడు కార్యవర్గమున రెండభిప్రాయములు బయలుదేరినవి. చేతిపనితో చేసిన మార్పులు నమ్మరానివి, దీనిని అమ్మి, చందాలు పోగుచేసి కొత్తది కొనవలెనని కొందరి మాట. పుస్తకముల చోట ఈ యంత్రముల గొడవ యేల, ఆ సొమ్ముతో నాలుగు బీరువాలు చేయింపవచ్చునని మరికొందరి మాట. రెండు మాటలును సద్భావముతో చెప్పినవే. ఐనను ఆ యంత్రము ఏమి చేయుచున్నదో తెలిసికొన్న తరువాత నిర్ణయించుట న్యాయము గదా!

పీఠమనగా నేమి?

దూరదర్శిని యనగానే మన చూపు దాని గొట్టము మీదికి పోవును. గొట్టము ముఖ్యమే. కాని నక్షత్రముల ఛాయాచిత్రమునకు గొట్టముకన్న దానిని మోయు పీఠమే ప్రధానము. ఎందుచేతననగా, మనము నిలిచియున్న భూమి తిరుగుచున్నది. నక్షత్రములను బట్టి చూచినచో అది 23 గంటల 56 నిమిషముల 4 సెకండ్లలో ఒక చుట్టు తిరుగును. మన పంచాంగములలో భాగకు 60 కలలు, కలకు 60 వికలలు అని లెక్కింతురు. భాగ యనగా డిగ్రీయే. ఈ లెక్కన నక్షత్రము సెకండునకు 15 వికలలకు కొంచె మధికముగా పడమటికి జరుగును. ఒక వికల యెంత? 206 మీటర్ల దూరమున నిలిపిన ఒక మిల్లీమీటరు గీత మన కంటి వద్ద చేయు కోణమంత.

కంటితో చూచునపుడు ఈ కదలిక బాధింపదు. కన్ను క్షణక్షణమును క్రొత్తగా చూచును, పాతదానిని విడిచిపెట్టును. కెమేరా అట్లు కాదు. అది వెలుతురును కూడబెట్టును. ఇంటిచూరు నుండి చుక్కచుక్కగా కారు నీటికి కుండ పెట్టినట్లు, మందమైన కాంతిని నిమిషముల తరబడి పట్టి నిలుపును. కుండ కదలినచో నీరు నేలపాలగును. మన దూరదర్శిని నాభ్యంతరము 750 మిల్లీమీటర్లు. కెమేరాలో ఒక్కొక్క చుక్కగది మిల్లీమీటరులో వేయింట నాలుగు వంతులున్నచో, ఒక్కొక్క గది ఆకాశమున 1.1 వికల మేర చూచును. పీఠము కదలక నిలిచియుండిన, ఒక్క సెకండులోనే నక్షత్రము పదమూడు గదులు దాటిపోవును. చుక్క పడవలసిన చోట గీత పడును.

దీనికి ఉపాయము సులభముగా చెప్పవచ్చును. తెరచిన గొడుగును ధ్రువనక్షత్రము వైపు వంచి, కఱ్ఱను నెమ్మదిగా త్రిప్పుడు. గొడుగు అంచున నున్న చుక్కలన్నియు ఆకాశమున నక్షత్రములు తిరుగునట్లే తిరుగును. పీఠమునకు అట్టి ఇరుసు నొకదానిని భూమి ఇరుసునకు సమాంతరముగా నిలిపి, నక్షత్రముల వేగముతో త్రిప్పినచో దూరదర్శిని నక్షత్రమును విడువక వెంబడించును. ఇదియే విషువత్పీఠము. జర్మనీ దేశస్థుడైన ఫ్రౌన్‌హోఫరు 1824లో డోర్పాట్ వేధశాలకు చేసియిచ్చిన గొప్ప దూరదర్శిని గడియారపు మరతో నడచు ఇట్టి పీఠము మీదనే నిలిచినది. 1880లో అమెరికాలో హెన్రీ డ్రేపరు ఓరియన్ అను వేటగాని మండలమందలి నీహారికను మొట్టమొదట ఛాయాచిత్రముగా పట్టినపుడు ఆ పీఠము సుమారు 50 నిమిషములు దారి తప్పక నడువవలసివచ్చినది.

ఈ విద్య మనకు పరాయిది కాదు. 1887లో పారిస్‌లో జరిగిన మహాసభలో సర్వాకాశమునకు ఛాయాచిత్రపటము తయారుచేయవలెనని నిశ్చయించి, ఆకాశమును ముక్కలుగా వేధశాలలకు పంచిరి. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదులో నెలకొల్పిన నిజామియా వేధశాల తరువాత ఆ మహాకార్యమున చేరి, దక్షిణమున 17 నుండి 23 డిగ్రీల వరకుగల భాగమును 8 అంగుళముల కుక్ దూరదర్శినితో గాజుపలకల మీదికి ఎక్కించినది. అట్టి పనిలో పరిశీలకుడు ప్రక్కనున్న మరియొక గొట్టమున కన్ను పెట్టి, నక్షత్రము అడ్డుతీగల కూడలి నుండి తొలగకుండ చేతితో మరను సవరించుచుండవలెను. ఆ పనినే నేడు మన డాబా మీద ఒక చిన్న కెమేరా చేయుచున్నది.

మన పనివారు చేసిన మార్పులు

మన పీఠములో 144 పండ్లుగల చక్రమొకటి ఉన్నది. దానికి ఆనుకొని మరచుట్లుగల కడ్డీ యొకటి తిరుగును. దీనినే కార్ఖానాలలో వర్మ్ అందురు. వర్మ్ ఒక చుట్టు తిరిగిన చక్రము ఒక పంటి మేర జరుగును. ఒక నక్షత్ర దినమునకు 86,164 సెకండ్లు. దానిని 144తో భాగింప 598 వచ్చును. అనగా వర్మ్ ఒక చుట్టు తిరుగుటకు పది నిమిషములకు రెండు సెకండ్లు తక్కువ. ఈ 598 అను అంకెను దయచేసి గుర్తుంచుకొనుడు. దోషములు వెదకునపుడు ఇది దీపమువలె పనికివచ్చును.

పూర్వము ఈ వర్మ్‌ను చేతిపిడితో త్రిప్పవలసియుండెను. మనవారు దానికి స్టెప్పర్ మోటారును బెల్టుతో కలిపిరి. ఆ మోటారు ఒక చుట్టునకు 200 అడుగులు వేయును. దానిని నడుపు పలక ఒక్కొక్క అడుగును పదునారు చిన్న అడుగులుగా విడగొట్టును. మోటారు పుల్లీకి 16 పండ్లు, వర్మ్ పుల్లీకి 64 పండ్లు ఉండుటచే మోటారు నాలుగు చుట్లు తిరిగిన వర్మ్ ఒక చుట్టు తిరుగును. ఇవన్నియు గుణింపగా, ఇరుసు పూర్తిగా ఒక చుట్టు తిరుగుటకు 18,43,200 చిన్న అడుగులు. ఒక్కొక్క అడుగు 0.7 వికల. కెమేరా గదికన్న చిన్నది. కావున ఈ ఏర్పాటు సరిపోవునని కాగితము మీదనే తేలుచున్నది. కొనుటకు ముందు లెక్క వేసికొనుట మేలనుటకు ఇది చాలును.

పాత పీఠమున నల్లగా జిగురువలె గట్టిపడిన గ్రీజును కిరసనాయిలుతో కడిగి, పలుచగా లిథియం గ్రీజు పూసిరి. వర్మ్‌కును చక్రమునకును నడుమ వదులు సవరించిరి. ఈ సవరింపు మిక్కిలి సున్నితమైనది. చక్రపు వ్యాసార్ధము 36 మిల్లీమీటర్లనుకొనుడు. అంచున మిల్లీమీటరులో నూరవ వంతు తేడా వచ్చినను ఆకాశమున 57 వికలలు తప్పును. బిగువు ఎక్కువైన మోటారు ఆగిపోవును. తక్కువైన, మెకానిక్కులు ప్లే అని పిలుచు వదులు మిగులును. చేతితో త్రిప్పి చూచి, ఒక పూర్తి చుట్టులో ఎక్కడను పట్టివేయని స్థానమును వెదకి బిగింపవలెను. బెల్టును వీణతీగవలె లాగి బిగింపరాదు. అట్లు చేసిన వర్మ్ కడ్డీ ప్రక్కకు ఒరగి, బేరింగులు చెడును.

నిలుపు విధానము

ఇక నిలుపు క్రమమును వినుడు. ఇందు ఒక మెట్టు తప్పినచో పై మెట్లన్నియు వ్యర్థము.

మొదటిది చోటు. ముక్కాలిపీట కాళ్లు గట్టి నేలపై ఆనవలెను. డాబా మీద మనుష్యులు నడచిన కదలిక చిత్రమున కనబడును. కావున చిత్రము తీయునపుడు చూడవచ్చినవారు దూరముగా కూర్చుండవలెను. ఒక కాలిని ఉత్తర దిక్కునకు పెట్టవలెను. దిక్సూచి మన ప్రాంతమున నిజమైన ఉత్తరమునకు సుమారు ఒక డిగ్రీ తేడాతోనే చూపును. ఐతే ఇనుప కాళ్ల దగ్గర పెట్టినచో అది మోసపోవును. నాలుగడుగులు ఎడముగా నిలిచి చూడుడు.

రెండవది తూకము. పీఠమునకు ఒక వైపు గొట్టము, మరియొక వైపు బరువు. సంతలో త్రాసు పట్టిన వారికి ఈ సూత్రము చెప్పనక్కరలేదు. ఇరుసునకు 20 సెంటీమీటర్ల దూరమున 6 కిలోల గొట్టమున్న, 30 సెంటీమీటర్ల దూరమున 4 కిలోల బరువు సమానమగును. కెమేరా తగిలించిన తరువాతనే తూచవలెను. తూచిన పిమ్మట తూర్పు వైపు మాత్రము వెంట్రుకవాసి బరువు మిగుల్చుడు. అట్లు చేసిన చక్రపు పండ్లు ఎల్లప్పుడును ఒకే వైపునకు ఆని, వదులులో ఊగిసలాడక నడచును.

మూడవది ధ్రువమును పట్టుట. ఇక్కడ మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కులున్నవి. ఐరోపావారి పుస్తకములలో ధ్రువుడు ఎత్తుగా నుండును. మన గ్రామము అక్షాంశము 16 డిగ్రీలకు కొంచెము పైన. కావున ధ్రువుడు దిగంతమునకు అంతే యెత్తున, చెట్ల తలల మీదుగా, పొగమంచులో మినుకుమినుకుమనును. పీఠపు ఇరుసును అంత క్రిందికి వంచినపుడు బరువు కడ్డీ ముక్కాలిపీట కాలికి తగులును. వంపు బోల్టు మీద భారమంతయు పడి అది వంగును. మన లేతు పనివారు ఆ బోల్టు స్థానమున లావైన ఉక్కు బోల్టును మరచుట్లు కోసి అమర్చిరి. ఇట్టిది అంగడిలో దొరకునది కాదు.

ధ్రువుడు కదలడని పురాణప్రసిద్ధి. నేటి ఆకాశమున ధ్రువనక్షత్రము అసలు ధ్రువబిందువునకు 37, 38 కలల దూరమున నుండి చిన్న చుట్టు తిరుగుచున్నది. సుమారు 2100 నాటికి 27 కలల దూరమునకు చేరి, పిదప మరల దూరమగును. కావున ధ్రువనక్షత్రమును చూపుగాజు నడుమ పెట్టి పని ముగిసినదనుకొనరాదు. ఆ తేడాతో నిమిషమునకు పది వికలల వరకు నక్షత్రము ప్రక్కకు జరుగును. ధ్రువదర్శక గాజులో గీచిన వలయము మీద ఆ ఘడియకు తగిన చోట దానిని నిలుపవలెను. అంత క్రిందుగా నున్న నక్షత్రమును వాతావరణము మూడు కలల మేర పైకెత్తి చూపుననియు ఎరుగుడు.

చెట్టు అడ్డమై ధ్రువుడు కనబడకున్న మార్గమేమి? నక్షత్రముల జారుడును బట్టి సరిచేయు పాత పద్ధతి కలదు. ముందు దక్షిణోత్తర రేఖ మీద, ఖగోళ విషువద్రేఖకు దగ్గరగా నున్న నక్షత్రమును చూడుడు. అది కొన్ని నిమిషములలో దక్షిణమునకు జారిన పీఠపు ఇరుసు ఉత్తరము నుండి తూర్పునకు తొలగియున్నది. ఉత్తరమునకు జారిన పడమటికి తొలగియున్నది. దానిని సవరించిన తరువాత తూర్పు దిగంతమునకు కొంత పైనున్న నక్షత్రమును చూడుడు. అది దక్షిణమునకు జారిన ఇరుసు మిక్కిలి క్రిందికున్నది. ఉత్తరమునకు జారిన మిక్కిలి పైకున్నది. రెండు మూడుసార్లు చేసినచో జారుడు నిలిచిపోవును. ఇందులకు ధ్రువుడు కనబడవలసిన అవసరమే లేదు.

నాలుగవది తీగలు. వ్రేలాడు తీగ గొట్టము తిరుగునపుడు ఎక్కడనైనను చిక్కుకొని లాగును. అన్నిటిని ఒక త్రాటిగా కట్టి, ఇరుసు దగ్గరగా తేవలెను. పిదప మోటారు వేయక ముందు చేతితో గొట్టమును నలువైపుల త్రిప్పి, ముక్కాలిపీటకు తగులు చోట్లను చూచుకొనవలెను. నక్షత్రము నడినెత్తి రేఖ దాటిన తరువాత గొట్టము కాలికి కొట్టుకొనును. అంతకు ముందే ఆపి, గొట్టమును రెండవ వైపునకు త్రిప్పుకొనుడు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పగటివేళ ఈ యంత్రము తెరచి ఉంచరాదు. తగిన సూర్యగాజు ముందు భాగమున కట్టక ఈ గొట్టమును సూర్యుని వైపు త్రిప్పినచో క్షణములో కన్ను పోవును, మరల రాదు. మోటారులున్న పీఠము పొరపాటున ఒక మీట నొక్కిన తనంత తానే తిరుగును. పిల్లలున్న ఊరిలో ఈ మాట గోడ మీద వ్రాసి పెట్టవలెను.

దోషములు, వాని నిదానము

మంచి వైద్యుడు మందీయక ముందు నాడి చూచును. ఈ యంత్రమునకును అట్లే. చిత్రము చెడినదని వెంటనే స్పానరు తీసికొనుట తగదు. చిత్రమే రోగలక్షణములను చెప్పును. దానిని చదువవలెను.

నక్షత్రములు గుండ్రముగా నుండి ఉబ్బినట్లున్న, అది పీఠపు దోషము కాదు. చూపు సరిగా కుదురలేదు, లేదా అద్దము మీద మంచు పట్టినది. మన కాలువల ప్రాంతమున కార్తీకము నుండి మాఘము వరకు ఇది నిత్యము. చిత్రము మూలలలో మాత్రమే నక్షత్రములు సాగియున్న, అదియు పీఠపు దోషము కాదు, అద్దముల పని. చిత్రమంతటను నక్షత్రములన్నియు ఒకే దిక్కునకు సాగియున్నపుడే పీఠమును అనుమానింపుడు.

సాగినది ఏ దిక్కునకో చూడుడు. ఉత్తర దక్షిణములుగా నెమ్మదిగా సాగినచో ధ్రువమును సరిగా పట్టలేదు. తూర్పు పడమరలుగా సమానముగా సాగినచో వేగము తప్పు. పండ్ల సంఖ్య గాని పుల్లీల సంఖ్య గాని యంత్రమునకు తప్పుగా చెప్పియుందురు. నక్షత్ర వేగమునకు బదులు సూర్య వేగము పెట్టినను నిమిషమునకు రెండున్నర వికలలు తేడా వచ్చును. నక్షత్రము నిలుచుటకు మారుగా రెట్టింపు వేగముతో, అనగా సెకండునకు 30 వికలలు, పరుగెత్తినచో మోటారు ఎదురు తిరుగుచున్నది. మోటారు తీగల జంటలో ఒకదానిని మార్చిన కుదురును. విద్యుత్తు ఆపక మాత్రము ఆ తీగలను ముట్టరాదు. నడుపు పలక కాలిపోవును.

తూర్పునకొకసారి, పడమటికొకసారి ఊగుచున్న, దానికి ఒక చక్కని పరీక్ష ఉన్నది. పీఠపు ఇరుసును బుద్ధిపూర్వకముగా కొంచెము ప్రక్కకు త్రిప్పి, దక్షిణోత్తర రేఖ మీది నక్షత్రమును ఇరువది నిమిషముల పాటు ఒకే చిత్రముగా తీయుడు. నక్షత్రము ప్రక్కకు జారుచు గీత గీయును. ఆ గీత తిన్నగా నున్న మరలు బాగున్నవి. అలలవలె వంకరలున్న, ఒక అలకును మరియొక అలకును నడుమ కాలము లెక్కింపుడు. అది 598 సెకండ్లైన దోషము వర్మ్‌లో నున్నది. దానిలో నాలుగవ వంతు, సుమారు 150 సెకండ్లైన దోషము మోటారు పుల్లీలో నున్నది. పుల్లీ బిగింపు మర వదులై, అది ప్రక్కకు ఒరిగి తిరుగుచున్నది. అలలకు క్రమమే లేకున్న గాలి గాని, వదులు బోల్టు గాని, చిక్కిన తీగ గాని కారణము. ఈ విధముగా నక్షత్రము తానే వచ్చి మన యంత్రపు తప్పును చీటీ వ్రాసి ఇచ్చుచున్నది. అంగడిలో కొన్న పీఠమునకును ఈ అలలు తప్పవు. కొంచెము తక్కువగా నుండును, అంతే.

మిగిలిన అలను సరిచేయుటకే చిన్న కెమేరా. అది ఒక చిన్న గొట్టము గుండా ఒక నక్షత్రమును రెండేసి సెకండ్లకొకసారి చూచి, జరిగిన మేర పీఠమునకు చెప్పి సవరించును. ఐతే చిన్న గొట్టము పెద్ద గొట్టముతో కలిసి రాయివలె బిగిసియుండవలెను. లేకున్న చిన్న కెమేరా అంతయు బాగున్నదని చెప్పుచునే యుండును, పెద్ద చిత్రము మాత్రము సాగుచునే యుండును. అట్టి చోట దోషము బిగింపు కొక్కెములలో వెదకుడు.

ఉత్తర దక్షిణ సవరింపులో మరియొక చిక్కు. ఆ ఇరుసు ఒక దిక్కు నుండి మరియొక దిక్కునకు మారునపుడు వదులు నిండు వరకు కొన్ని సెకండ్లు ఏమియు కదలదు, పిదప ఒక్కసారిగా ఎగిరిపడును. వదులును సున్న చేయుట ఎవరికిని సాధ్యము కాదు. ధ్రువమును రవంత తప్పుగానే ఉంచి, నక్షత్రము ఒకే దిక్కునకు జారునట్లు చేసి, సవరింపు కూడ ఒకే దిక్కునకు చేయుమని అనుభవజ్ఞులు చెప్పుదురు. లోపమును తెలిసికొని దానితో కాపురము చేయుట కూడ ఒక విద్య.

మోటారు మూలుగుచు తిరుగకున్న, ముందు విద్యుత్తును చూడుడు. బ్యాటరీ దగ్గర 12 వోల్టులున్నను, సన్నని పొడవైన తీగ చివర అంత ఉండదు. మోటారు నడచుచుండగా తీగ చివర కొలువవలెను. అక్కడ సరిగా నున్న బెల్టు బిగువు, తరువాత వర్మ్ బిగువు, తరువాత చలికి గట్టిపడిన గ్రీజు. ఈ వరుస తప్పరాదు. సులభమైనదానిని ముందు చూచి, కష్టమైనదానిని చివర విప్పుడు.

అన్నిటికన్న ముఖ్యమైన నియమమొకటి. ఒక్కసారి ఒక్క మార్పే చేయుడు. రెండు మరలు ఒకేసారి త్రిప్పినచో బాగుపడినను ఏది బాగుచేసినదో తెలియదు, చెడినను ఏది చెరచినదో తెలియదు. చేసిన ప్రతి మార్పును తేదీతో పుస్తకమున వ్రాయుడు.

కార్యవర్గమునకు మనవి

మహాశయులారా! కొత్త పీఠము కొనుట మంచిదా కాదా అను ప్రశ్నకు ఇపుడు నా సమాధానము చెప్పుదును. కొత్తది కొన్నను ధ్రువము పట్టవలెను, తూకము వేయవలెను, వర్షాకాలము తరువాత గ్రీజు చూడవలెను, తీగలు కట్టవలెను. ఈ పనులు తెలిసినవారు ఊరిలో లేకున్న కొత్త యంత్రము కూడ రెండేండ్లలో గుడ్డ కప్పుకొనును. తెలిసినవారున్న పాత యంత్రమే పనిచేయును. ఆ తెలివి నేడు మన ఊరిలో ముగ్గురి చేతులలో నున్నది. ముగ్గురిలో ఒకరు చదువు ముగించి వెడలిపోవువారు. మన కొరత పీఠము కాదు, నాలుగవ మనిషి, అయిదవ మనిషి.

ఇక బీరువాల మాట. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిన అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగు పెద్దలు ఊరూర గ్రంథాలయములు పెట్టుమని తిరిగినది పుస్తకములను దాచుటకు కాదు, జ్ఞానమును జనుల చేతికందించుటకు. బీరువాలు కావలసినవే. వానికి వేరుగ చందా అడుగుదము, నా వంతు నేనిత్తును. ఎవరును తీయని పుస్తకము, ఎవరును త్రిప్పని దూరదర్శిని, రెండును ఒక్కటే. మన లైబ్రరీలో ఖగోళశాస్త్ర గ్రంథములున్నవి. ఆ గ్రంథములలోని ఆండ్రోమెడా గాలక్సీ మనకు 25 లక్షల కాంతి సంవత్సరముల దూరమున నున్నదని చదివిన బాలిక మెట్లెక్కి డాబా మీదికి పోయి, తాను సరిచేసిన పీఠముతో దానిని చిత్రము తీయగలిగిన, ఆ పుస్తకము సార్థకమైనట్లు.

కావున మూడు కోరికలు కోరుచున్నాను. మొదటిది, ఈ పీఠమునకు ఒక దినచర్య పుస్తకము గ్రంథాలయ రిజిస్టరులతో పాటు నిర్వహింపవలెను. ఎవరు వాడిరి, ఏమి మార్చిరి, ఏ దోషము కనబడెను, అన్నియు అందు వ్రాయవలెను. రెండవది, ప్రతి యేట నలుగురు యువకులకు, యువతులకు, ఎనిమిదవ తరగతి దాటిన యెవరికైనను, దీనిని విప్పి బిగించుట నేర్పవలెను. విప్పనీయక విద్య రాదు. మూడవది, అమావాస్యకు అటునిటు మూడు రాత్రులు తొమ్మిది నుండి పదకొండు వరకు గ్రంథాలయపు వీధిలోని రెండు దీపములను ఆర్పుటకు పంచాయతీవారు అంగీకరింపవలెను. మన డాబా మీది నుండి పాలపుంత ఇంకను కనబడుచున్నది. తెల్లని దీపములు ఇట్లే పెరిగినచో పీఠమెంత చక్కగా నడచినను చూచుటకు ఆకాశము మిగులదు. దీపముల మీద రేకు మూతలు వేసి వెలుతురు నేలకు పడునట్లు చేసిన మరియు మంచిది. దారి నడచువారికిని వెలుతురు పెరుగును.

2028 డిసెంబరు 31వ తేదీ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణము మన దేశమునకంతటికిని కనబడనున్నది. రాత్రి పది గంటల వేళకు చంద్రుడు పూర్తిగా భూచ్ఛాయలో మునిగియుండును. చంద్రుడు నక్షత్రములతో సమానముగా నడువడు. నిమిషమునకు సుమారు అర కల మేర వెనుకబడును. కావున పీఠమునకు చంద్ర వేగమును వేరుగ చెప్పవలెను. ఆ రాత్రి మన డాబా మీద ఆ మీట నొక్కి, పీఠమును నడుపువారు ఈ సభలో నేడు ముందు వరుసలో కూర్చున్న పిల్లలై యుండవలెనని నా ఆశ. వారికి నేర్పు బాధ్యతను కార్యవర్గము స్వీకరించినచో, వారము వారము వచ్చి ఈ అంకెలన్నియు నల్లబల్ల మీద చేసి చూపుటకు నేను సిద్ధముగా నున్నాను.